తలుపు దగ్గర భయం, నేల దగ్గర ప్రమాదం

దుబాయ్ వెళ్లిన తెలుగువాళ్లు బుర్జ్ ఖలీఫా ఎక్కుతారు. ఇసుక తిన్నెల మీద జీపుల్లో ఎగిరెగిరి పడి నడుం పట్టేసుకుంటారు. గోల్డ్ సూక్‌లో గ్రాము ధర వాకబు చేస్తారు. ఈమధ్య ఈ వరసలో ఇంకొకటి చేరింది. మెరీనా దగ్గర సముద్రపు ఒడ్డునే ఒక చిన్న రన్‌వే ఉంది. అక్కణ్నుంచి ట్విన్ ఆటర్ అనే రెండింజన్ల విమానం లేచి, ఖర్జూరపు చెట్టు ఆకారంలో కట్టిన పామ్ జుమేరా దీవి చుట్టూ తిరుగుతూ 13,000 అడుగుల ఎత్తుకు పోతుంది. అక్కడ తలుపు తీసి మనుషుల్ని జంటలు జంటలుగా బయటికి వదిలేసి ఖాళీగా దిగివస్తుంది. ఒక్కో జంటలో ఒకరు రోజూ ఇదే పని చేసే ఇన్‌స్ట్రక్టర్, రెండోవారు సెలవుల మీద వచ్చిన మనలాంటివాళ్లు. దీన్ని టాండెమ్ జంప్ అంటారు.

స్కైడైవింగ్ అనగానే మనవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది 2011లో వచ్చిన హిందీ సినిమా ‘జిందగీ న మిలేగీ దోబారా’. అందులో ముగ్గురు స్నేహితులు దూకింది స్పెయిన్‌లోని ఎంపురియాబ్రావాలో. మనకు స్పెయిన్ కంటే దుబాయ్ దగ్గర. హైదరాబాద్‌లో విమానం ఎక్కితే నాలుగు గంటల ప్రయాణం. పైగా అక్కడ ఎవరో ఒక చుట్టం ఉండనే ఉంటారు. నాకు కరామాలో చెల్లెలు ఉంది. సంగతి చెప్పగానే అది ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: “అన్నయ్యా, నీ ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడ పెట్టావో వదినకు చెప్పావా?” నవ్వులాటకు అన్నా అడగాల్సిన ప్రశ్నే. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి స్కైడైవింగ్ వర్తించదు. ఆ మాట ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

టికెట్ రెండు వేల దిర్హాంలు దాటుతుంది. ఆ చుట్టుపక్కల మేడలు కట్టే కరీంనగర్, నిజామాబాద్, కడప మనుషుల్లో చాలామందికి నెల జీతం అంత ఉండదు. ఈ సరదా ఎవరిదో ఆ అంకె చెప్పేస్తోంది. నేనిక్కడ రాయబోతున్నది మాత్రం ఆ నిమిషంలో గాలి, గురుత్వాకర్షణ, గుడ్డ, మన మెదడు కలిసి ఏం చేస్తాయన్నది. అందులో నాకు అన్నిటికంటే వింతగా తోచింది ఒకటుంది. మన భయమంతా విమానం తలుపు దగ్గర ఉంటుంది, ప్రమాదమేమో నేల దగ్గర కాచుకుని ఉంటుంది. రెండింటి మధ్య దూరం దాదాపు నాలుగు కిలోమీటర్లు.

తలుపు సంగతి ముందు చూద్దాం. అడుగు బయటపెట్టగానే జెయింట్ వీల్ దిగేటప్పుడు జారినట్టు కడుపు జారిపోతుందనీ, అది నేల దాకా అలాగే ఉంటుందనీ దూకనివాళ్లందరూ అనుకుంటారు. దూకినవాళ్లను అడగండి, అలా ఏమీ లేదంటారు. గొప్ప కోసం చెప్పే అబద్ధం కాదది.

మనకు బరువు తెలిసేది గురుత్వాకర్షణ లాగడం వల్ల కాదు, కింద ఉన్న నేలో కుర్చీయో మనల్ని పైకి తోస్తూ ఉండడం వల్ల. చెవి లోపల జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ రవ్వలు ఉంటాయి. ఆ తోపుడు ఎంత ఉందో, ఎటు ఉందో మెదడుకు చెప్పేది అవే. జెయింట్ వీల్ పైనుంచి దిగేటప్పుడు సీటు తోపుడు ఒక్కసారిగా తగ్గుతుంది. ఆ రవ్వలతోపాటు కడుపులోని అవయవాలు కూడా తేలిపోతాయి. మనం ‘పడుతున్నాం’ అనుకునేది ఆ మార్పునే. వేగం ఎంతున్నా శరీరానికి పట్టదు. తోపుడు మారిందా లేదా అన్నదొక్కటే దానికి తెలుస్తుంది.

ఇప్పుడు విమానం దగ్గరికి వద్దాం. మనుషుల్ని వదిలేటప్పుడు ట్విన్ ఆటర్ వేగం తగ్గించుకుంటుంది, అయినా గంటకు 160 కిలోమీటర్ల దరిదాపుల్లో పోతూ ఉంటుంది. తలుపు దాటిన మరుక్షణం మన వేగమూ అంతే, కాకపోతే అడ్డంగా. కాబట్టి 160 కిలోమీటర్ల ఎదురుగాలి ఒళ్లంతటినీ ఒక్కసారిగా తోస్తుంది. ఒంటరిగా దూకిన మనిషి మీద ఆ క్షణంలోనే పడే తోపుడు అతని బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులు. అంటే ఆధారం పూర్తిగా పోదు, కాళ్ల కింది నేల బదులు ఛాతీ ముందు గాలి ఆధారమవుతుంది. తర్వాతి పది పన్నెండు సెకన్లలో అడ్డం వేగం తగ్గుతూ, కిందికి వేగం పెరుగుతూ, ఎదురుగా కొట్టిన గాలి మెల్లగా అడుగు నుంచి కొట్టే గాలిగా మారుతుంది. గాలి వేగం చివరికి 160 నుంచి 195 కిలోమీటర్ల దాకా పెరగడమంటే పెద్ద మార్పేమీ కాదు. ఆగి ఉన్న హాట్ ఎయిర్ బెలూన్ నుంచి దూకేవాళ్లకు మాత్రం ఈ సాయం దొరకదు. అడ్డంగా వేగం లేదు గనుక మొదటి క్షణాల్లో గాలి వాళ్లను ముట్టుకోదు, వాళ్లకు కడుపు జారుతుంది. వందలసార్లు దూకినవాళ్లు కూడా బెలూన్ నుంచి దూకినప్పుడు దాన్ని కొత్తగా రుచి చూస్తారు.

టాండెమ్‌లో ఇందులోనే చిన్న మెలిక ఉంది. గాలికి ఎదురయ్యే వైశాల్యం దాదాపు ఒక మనిషిదే, బరువు మాత్రం ఇద్దరిది. అందువల్ల మొదటి క్షణాల్లో గాలి ఇచ్చే ఆధారం మూడో వంతే. ఆ రెండు మూడు సెకన్లు లోపల ఏదో కదిలినట్టు ఉండడం నిజం. ఈలోగా ఇన్‌స్ట్రక్టర్ వెనక ఒక చిన్న గొడుగు విసురుతాడు, దాంతో అంతా సర్దుకుంటుంది. దాని పేరు డ్రోగ్. అది ఎందుకుందో తెలియాలంటే చరమ వేగం గురించి కొంచెం చెప్పుకోవాలి.

గాలే లేని లోకంలో 13,000 అడుగుల నుంచి, అంటే దాదాపు 3,960 మీటర్ల నుంచి, పడితే 28 సెకన్లలో నేలకు చేరతాం. తగిలేటప్పటి వేగం గంటకు వెయ్యి కిలోమీటర్లు. గాలి ఉంది కాబట్టి అలా జరగదు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. అలా పెరిగి పెరిగి ఒక చోట మన బరువుకు సమానమవుతుంది. అక్కడితో వేగం పెరగడం ఆగిపోతుంది. బోర్లా పడుకున్న భంగిమలో ఒక మనిషికి ఆ చరమ వేగం గంటకు 190 నుంచి 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అది రావడానికి పట్టేది 12 సెకన్లు, పడే దూరం 450 మీటర్లు. ఆ తర్వాత గాలి మనల్ని సరిగ్గా మన బరువంత బలంతో పైకి తోస్తూ ఉంటుంది. భౌతికశాస్త్రం లెక్కన అది పరుపు మీద బోర్లా పడుకోవడంతో సమానం. మిగతా సమయమంతా ‘పడుతున్న’ భావన లేకపోవడానికి కారణం ఇదే. హైదరాబాద్ శివారు గండిపేటలో ఇండోర్ స్కైడైవింగ్ గొట్టం ఒకటుంది. అందులో మనిషి పడడు, కింది నుంచి అదే వేగంతో గాలి వస్తుంది. శరీరానికి ఆ రెండింటికీ తేడా తెలియదు.

బరువైనదీ తేలికైనదీ ఒకే వేగంతో పడతాయని బళ్లో గెలీలియో పేరు చెప్పి నేర్పిస్తారు. 1971 ఆగస్టు 2న చంద్రుడి మీద అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ ఒక చేత్తో సుత్తి, ఒక చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలను తాకాయి. చంద్రుడి మీద గాలి లేదు. దుబాయ్ మీద ఉంది. గాలిలో చరమ వేగం బరువును బట్టి మారుతుంది. బరువు రెట్టింపై వైశాల్యం అంతే ఉంటే వేగం 1.4 రెట్లవుతుంది. గుంపుగా చేతులు పట్టుకుని ఆకారాలు కట్టే స్కైడైవర్లలో సన్నగా ఉన్నవాళ్లు సీసం దిమ్మలు కుట్టిన జాకెట్ తొడుక్కునేది ఇందుకే. లేకపోతే బరువైన స్నేహితులు కిందికి పోతారు, వీళ్లు పైనే మిగిలిపోతారు. ఇదే లెక్క టాండెమ్ జంటకు వేస్తే చరమ వేగం 275 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. ఆ వేగంలో పెద్ద పారాచూట్ తెరుచుకుంటే గుడ్డకూ మంచిది కాదు, మెడకూ మంచిది కాదు. కొత్తవాళ్లు కాళ్లూ చేతులూ ఆడించి జంటను తిప్పేసే ప్రమాదం కూడా ఉంది. డ్రోగ్ ఆ వేగాన్ని మళ్లీ ఒక మనిషి వేగానికి దించుతుంది, జంటను నిలకడగా ఉంచుతుంది. చివర్లో పెద్ద పారాచూట్‌ను సంచిలోంచి లాగేది కూడా అదే. బుక్ చేసేటప్పుడు మన బరువు అడిగి, ఒక హద్దు దాటితే ససేమిరా అనడం వెనక ఉన్నవి ఈ లెక్కలే. వాళ్లు మనల్ని అవమానించడం లేదు.

ఇంకో వింత. నాలుగు కిలోమీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. పల్చటి గాలి తక్కువ ఆపుతుంది కాబట్టి, నేల దగ్గర 190తో పడే శరీరం అక్కడ 230తో పడుతుంది. పారాచూట్ తెరిచే 5,000 అడుగులకు వచ్చేసరికి 205కు తగ్గుతుంది. అంటే మొదటి పావు నిమిషం తర్వాత మనిషి కిందికి పోతున్నకొద్దీ నెమ్మదిస్తూ ఉంటాడు. ఇదే సూత్రం రెండో కొసన ఏం చేస్తుందో 2012 అక్టోబర్ 14న ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ చూపించాడు. 39 కిలోమీటర్ల ఎత్తున, గాలి సాంద్రత నేల మీదున్నదాంట్లో నూరో వంతు కూడా లేని చోట, బెలూన్ నుంచి దూకి గంటకు 1,357 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. విమానం లేకుండా ధ్వని వేగాన్ని దాటిన మొదటి మనిషి అతనే. రెండేళ్ల తర్వాత అలన్ యూస్టస్ 41 కిలోమీటర్ల పైనుంచి దూకి ఎత్తు రికార్డును మార్చాడు.

చలి సంగతి కొత్తవాళ్లు లెక్కపెట్టరు. కిలోమీటరు పైకి పోతే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద దుబాయ్ ఎండ 28 డిగ్రీలుంటే పైన తలుపు తీసేసరికి రెండు మూడు. టీషర్టుతో వెళ్లినవాళ్ల పళ్లు టకటకలాడేది భయంతోనే అని వీడియో చూసిన బంధువులు అనుకుంటారు, అనుకోనివ్వండి.

ఊపిరి ఆడదేమోనన్న అనుమానం మాత్రం పాతది, ఒకప్పుడు నిపుణులకు కూడా ఉండేది. విమానానికి కట్టిన తాడు పారాచూట్‌ను లాగి తెరవాలే తప్ప, గాలిలో స్వేచ్ఛగా పడుతున్న మనిషి స్పృహ తప్పుతాడు గనుక తనంత తాను తెరుచుకోలేడని మొదటి ప్రపంచయుద్ధ కాలంలో చాలామంది నమ్మేవారు. 1914లోనే అమెరికాలో టైనీ బ్రాడ్‌విక్ అనే అమ్మాయి ఆ తాడు కోసేసుకుని దూకి, చేత్తో తెరుచుకుని క్షేమంగా దిగింది. అయినా నమ్మకం పోలేదు. 1919 ఏప్రిల్ 28న ఒహాయోలోని మెక్‌కుక్ ఫీల్డ్‌లో లెస్లీ ఇర్విన్ వీపుకు మూట కట్టుకుని దూకి, గాలిలో చేత్తో తాడు లాగి చూపించాక గాని సైన్యం ఒప్పుకోలేదు. స్పృహలో ఉన్నాడు, ఊపిరి పీల్చాడు. నేలకు తగిలేటప్పుడు చీలమండ విరిగింది. ఆకాశంలో ఏమీ కాలేదు, నేల మీద కాలు విరిగింది. ఈ ఆట చరిత్రంతా ఇదే మళ్లీ మళ్లీ జరుగుతూ ఉంటుంది. ఇప్పుడు కొత్తవాళ్లకు ఊపిరాడనట్టు ఉండడానికి కారణం గాలి కాదు, వాళ్లే ఊపిరి బిగబట్టడం. అందుకే దూకగానే గట్టిగా అరవమంటారు. అరవాలంటే గాలి వదలాలి, వదిలినవాడు పీల్చక మానడు.

భయం మీద మంచి పరిశోధన ఉంది. 1960ల్లో వాల్టర్ ఫెంజ్, సేమూర్ ఎప్‌స్టీన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు స్కైడైవర్ల గుండె వేగం, ఊపిరి, చర్మం మీది చెమటను దూకే వేళ దగ్గరపడేకొద్దీ కొలుస్తూ పోయారు. కొత్తవాళ్లలో అవి పెరుగుతూ పెరుగుతూ తలుపు దగ్గర పతాక స్థాయికి వెళ్లాయి. అనుభవం ఉన్నవాళ్లలో కూడా భయం ఉంది. కాకపోతే అది చాలా ముందే, విమానం పైకి పోతుండగానే శిఖరం తాకి, దూకే సమయానికి దాదాపు మామూలు స్థాయికి దిగిపోయింది. అంటే అలవాటు భయాన్ని చంపదు, దాని వేళను ముందుకు జరుపుతుంది. వీపుకు కట్టుకున్న ఇన్‌స్ట్రక్టర్ అంత ప్రశాంతంగా ఎలా ఉన్నాడా అని ఆశ్చర్యపడేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ఆ నిమిషం మాత్రం చాలా పొడుగ్గా ఉంటుంది. దూకినవాళ్లు ‘అంతా నెమ్మదిగా జరిగింది’ అంటారు. నిజంగా మెదడు వేగం పెంచుకుని సమయాన్ని సాగదీస్తుందా? డేవిడ్ ఈగిల్‌మన్ బృందం దీన్ని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. మనుషుల్ని 31 మీటర్ల ఎత్తు నుంచి వెల్లకిలా వలలోకి వదిలారు. మామూలుగా కంటికి అందనంత వేగంగా అంకెలు మారే ఒక పరికరాన్ని వాళ్ల చేతికి కట్టారు. కాలం నిజంగా నెమ్మదిస్తే ఆ అంకెలు చదవగలగాలి. ఎవరూ చదవలేకపోయారు. కాని తాము ఎంతసేపు పడ్డారో తర్వాత అంచనా వెయ్యమంటే, ఇతరులు పడడానికి పట్టిందనుకున్న సమయం కంటే సగటున 36 శాతం ఎక్కువ చెప్పారు. కాలం సాగేది అనుభవంలో కాదు, జ్ఞాపకంలో. భయపడ్డప్పుడు మెదడు వివరాలు దట్టంగా దాచుకుంటుంది, తర్వాత ఆ దట్టాన్ని బట్టే కాలాన్ని కొలుస్తుంది.

కళ్లు చేసే మోసం ఇంకా విడ్డూరం. నాలుగు కిలోమీటర్ల ఎత్తున గంటకు 200 కిలోమీటర్లతో పడుతున్నా కింద పామ్ జుమేరా మట్టలు కదలకుండా అలాగే ఉంటాయి. పెద్దవవుతున్నట్టు తెలియదు. సెకనుకు దాదాపు 55 మీటర్లు కిందికి వస్తున్నామంటే ఆ ఎత్తులో నేల దూరంలో తగ్గేది నూటికి ఒకటిన్నర వంతు కూడా కాదు, కాబట్టి దృశ్యం కూడా అంతే పెరుగుతుంది. అంత చిన్న మార్పును కన్ను కదలికగా పట్టుకోలేదు. 1,500 మీటర్ల దగ్గర అది సెకనుకు మూడున్నర శాతం దాటుతుంది. ఎవరైనా 200 మీటర్ల దాకా అలాగే పడుతూ వస్తే, అక్కడ సెకనుకు పాతిక శాతానికి పైగా నేల ఉబ్బి మీదికి ఎగిసివస్తున్నట్టుంటుంది. అప్పటిదాకా నిద్రపోయిన భయం అప్పుడు లేస్తుంది. అప్పుడు లేచి లాభం లేదు. కన్ను మీద నమ్మకం పెట్టుకోకుండా ఇన్‌స్ట్రక్టర్ మణికట్టుకున్న ఆల్టిమీటర్‌ను చూస్తూ ఉండేది అందుకే. అది గాలి పీడనాన్ని కొలిచి ఎత్తు చెబుతుంది, దానికి భ్రమలు లేవు.

5,000 అడుగుల దగ్గర, బుర్జ్ ఖలీఫాకు ఇంకా దాదాపు రెట్టింపు ఎత్తున, పారాచూట్ తెరుచుకుంటుంది. ఈ గుడ్డ కథ వేరే వ్యాసానికి సరిపడేంత ఉంది, కొంతే చెబుతాను. 1797 అక్టోబర్ 22న పారిస్‌లో ఆంద్రె జాక్ గార్నెరాఁ బెలూన్ నుంచి పట్టు పారాచూట్‌తో దిగాడు. గొడుగు కింద పట్టుబడ్డ గాలి ఒకసారి ఈ అంచు నుంచి, ఒకసారి ఆ అంచు నుంచి పొర్లిపోతుంటే, కింద వేలాడే బుట్ట భయంకరంగా ఊగింది. దిగాక అతనికి కడుపులో తిప్పింది. గొడుగు నడినెత్తిన కన్నం పెడితే గాలి అక్కణ్నుంచి తిన్నగా పోతుంది, ఊగదు అని సలహా ఇచ్చింది ఖగోళ శాస్త్రవేత్త లాలాండ్ అంటారు. గుండ్రటి పారాచూట్లకు ఆ కన్నం తర్వాత స్థిరపడిపోయింది.

ఇప్పుడు మనల్ని దించేది గొడుగు కాదు, రెక్క. ఫ్లోరిడాలో గాలిపటాలు కట్టే డామినా జాల్బెర్ట్ 1960ల్లో దాన్ని కనిపెట్టాడు. పైనొక గుడ్డ, కిందొక గుడ్డ, మధ్యలో అరలు. ముందు వైపు అరల మూతులు తెరిచి ఉంటాయి. వాటిలోకి గాలి దూరి బిగుసుకుంటే గుడ్డకు విమానం రెక్క ఆకారం వస్తుంది. కర్రా లేదు, కమ్మీ లేదు, గాలే దాని ఎముక. రెక్క గనుక అది కిందికి దిగడంతోపాటు ముందుకు పోతుంది, మలుపు తిరుగుతుంది. సముద్రం పక్కన చిన్న పచ్చిక ముక్క మీద గురి చూసి దిగగలగడానికి కారణం ఇదే.

అయితే ఇంత బాగా గాలి పట్టే గుడ్డ సగం సెకనులోపే విచ్చుకుంటే పదిహేను రెట్లకు పైగా బరువు ఒక్క కుదుపులో మీద పడుతుంది. దాన్ని ఆపేది స్లైడర్ అనే చదరపు గుడ్డ పీలిక. నాలుగు మూలలా నాలుగు రింగులు, వాటిలోంచి పారాచూట్ తాళ్లన్నీ పోతాయి. తెరుచుకునేటప్పుడు స్లైడర్ పైన గుడ్డకు ఆనుకుని ఉంటుంది. గుడ్డ విచ్చుకోవాలని చూస్తుంది, ఎదురుగాలి స్లైడర్‌ను పైకే అదిమి పెడుతుంది. ఆ పెనుగులాటలో అది మెల్లగా కిందికి జారేసరికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. కుదుపు రెండు మూడు రెట్ల బరువుతో సరిపోతుంది. మోటారు లేదు, చిప్పు లేదు, పీలిక గుడ్డ. ఈ మొత్తం సరంజామాలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. వీడియోల్లో పారాచూట్ తెరవగానే జంట పైకి ఎగిరిపోయినట్టు కనిపిస్తుంది. వాళ్లెక్కడికీ ఎగరరు, కెమెరా పట్టుకున్న మనిషి ఇంకా పడుతూ ఉంటాడు, అంతే.

తెరుచుకోకపోతే? ఎవరైనా అడిగే ప్రశ్న ఇది. జవాబు కూడా ఈ మూటలోనే ఉంది. చిక్కుపడ్డ పారాచూట్‌ను ముందు వదిలించుకోవాలి, లేకపోతే రెండోది దానికి చుట్టుకుంటుంది. 1970ల్లో బిల్ బూత్ దానికి మూడు రింగుల కొక్కెం తయారుచేశాడు. పెద్ద రింగులోంచి మధ్య రింగు, దాంట్లోంచి చిన్న రింగు, చివర ఒక దారపు ఉచ్చు. ఒక్కో రింగు దగ్గర బలం తగ్గుతూ పోయి, వందల కిలోల లాగుడు ఉచ్చు దగ్గరికి వచ్చేసరికి వేళ్లతో వదిలేంత అవుతుంది. ఒక పిడి లాగితే చాలు, పాతది ఎగిరిపోతుంది. ఆ వెంటనే రిజర్వ్ పారాచూట్ వస్తుంది. దాన్ని మడిచేది లైసెన్సున్న నిపుణుడు. ఇక ఇన్‌స్ట్రక్టర్‌కే ఏదైనా అయి ఏ పిడీ లాగకపోతే, జర్మనీకి చెందిన హెల్ముట్ క్లోత్ 1991లో తెచ్చిన సైప్రెస్ లాంటి పరికరం కాచుకుని ఉంటుంది. అరచేతిలో పట్టే ఆ పెట్టె గాలి పీడనం ఎంత త్వరగా మారుతోందో చూస్తూనే ఉంటుంది. టాండెమ్ జంట 1,900 అడుగుల దగ్గర కూడా సెకనుకు 35 మీటర్లకు మించి పడుతుంటే, లోపలి చిన్న కత్తి రిజర్వ్ మూటను కట్టి ఉంచిన ఉచ్చును కోసేస్తుంది. 1980ల్లో ఇదే బూత్, టెడ్ స్ట్రాంగ్ లాంటివాళ్లు ఇద్దరిని మోసే జీనును రూపొందించాకే, ఏమీ రాని పర్యాటకుడు అరగంట పాఠంతో ఆకాశంలోకి పోగలిగే వీలు వచ్చింది.

అమెరికా పారాచూట్ సంఘం లెక్కల ప్రకారం 1970ల్లో అక్కడ ఏటా సగటున నలభై మందికి పైగా పోయేవారు. 2023లో 36 లక్షలకు పైగా దూకుళ్లు జరిగితే పోయినవాళ్లు పది మంది. టాండెమ్ ప్రయాణికుల విషయంలో ప్రమాదం ఇంకా తక్కువ, ఐదు లక్షల దూకుళ్లకు ఒక మరణం ఉండొచ్చు. మరి ఆ మిగిలిన మరణాలు ఎవరివి? చాలావరకు అనుభవజ్ఞులవి. అందులోనూ పెద్ద భాగం చక్కగా తెరుచుకున్న పారాచూట్ కింద, దిగేటప్పుడు జరిగినవి. రెక్క చిన్నదయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. నేల దగ్గర పదునైన మలుపు తిప్పితే ఇంకా పెరుగుతుంది, ఆ సరదా కోసం కొందరు చిన్న రెక్కలు కొంటారు. పరికరాలు ఎంత భద్రంగా మారితే దూకేవాళ్లు అంత తెగించి లెక్క సమం చేసేస్తారని బూత్ వాపోయేవాడు. స్ట్రాటోస్పియర్ నుంచి దూకి బతికిన బామ్‌గార్ట్‌నర్ 2025 జులైలో ఇటలీలో మోటారు పారాగ్లైడర్ కూలి చనిపోయాడు.

టాండెమ్ ప్రయాణికుడి వంతు పని ఒక్కటే, అది కూడా నేల దగ్గరే వస్తుంది. ఇన్‌స్ట్రక్టర్ గాలికి ఎదురుగా తిరిగి, చివరి క్షణంలో రెండు తాళ్లనూ కిందికి లాగుతాడు. రెక్క వెనక అంచు వంగి, కాసేపు పైకి ఎత్తే బలం పెరిగి వేగం పడిపోతుంది. ఆ సమయానికి మనం మోకాళ్లు పైకి ఎత్తి పట్టుకోవాలి, ఇద్దరం పిరుదుల మీద జారుతూ ఆగుతాం. నేల కనబడగానే కాళ్లు ఆనించాలని ఒళ్లు తహతహలాడుతుంది. ఆనిస్తే ఇద్దరి బరువూ మన చీలమండ మీదే. చిరునవ్వుతో దిగే ఫొటో కోసం కాళ్లు దించిన ఒకాయన తర్వాత వీల్‌చైర్‌లో విమానం ఎక్కాడని మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పాడు. నిజమో, అందరికీ చెప్పే కథో గాని, నేను మాత్రం మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఎత్తాను.

జలుబు ఉంటే వాయిదా వేసుకోవడం మంచిది. ప్రయాణికుల విమానం కిందికి దిగేటప్పుడు క్యాబిన్‌లో పీడనం ఎంత మారుతుందో, దాదాపు అంత మార్పు ఇక్కడ నిమిషంలో జరిగిపోతుంది. అక్కడ దానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. ముక్కు మూసుకుపోయి ఉంటే కర్ణభేరి మీద ఆ భారమంతా పడుతుంది. ముక్కు బాగున్నవాళ్లు పారాచూట్ కింద ఉన్న ఐదు నిమిషాల్లో రెండుసార్లు గుటక వేస్తే సరిపోతుంది.

సెలవుల్లో అన్నీ ఒకేసారి చేసెయ్యాలనుకునేవాళ్లు స్కూబా డైవింగ్‌నూ దీన్నీ పక్కపక్కన పెట్టుకుంటారు. సముద్రంలో పీడనం కింద పీల్చిన నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరిగి ఉంటుంది. అది మెల్లగా బయటికి పోవాలి. ఇంకా పోకముందే పీడనం నేల మీద ఉన్నదాంట్లో అరవై శాతమే ఉండే 13,000 అడుగులకు వెళ్తే, సోడా మూత తీసినట్టు ఆ నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్లలో, ఒక్కోసారి వెన్నుపాములో చిక్కుకుంటుంది. అందుకని రెండూ చెయ్యాలనుకుంటే స్కైడైవింగ్‌ను మొదటి రోజుకు పెట్టుకోవాలి. ఏ కారణం వల్లనైనా స్కూబానే ముందు వస్తే, తర్వాత 24 గంటలు ఆగి గాని ఆ విమానం ఎక్కకూడదు. ఫారం నింపేటప్పుడు ఎవరూ అడగకపోయినా ఆ సంగతి మీరే చెప్పాలి.